కుమాసిలో మా పిండిమర

పోయిన నెల రాజమండ్రిలో మా వీర్రాజుకి సన్మానం చేశారు. వీర్రాజంటే మా ఆయన సొంత అక్క కొడుకు. ఏసీ హాలు, స్టేజి వెనకాల గోడంత ఫ్లెక్సీ, ఆ ఫ్లెక్సీ మీద ఒక సింహం, ఒక గుడిసె, మధ్యలో కోటు తొడుక్కుని చేతులు కట్టుకున్న వీర్రాజు. "చీకటి ఖండంలో తెలుగు దీపం" అని పైన రాశారట. నాకు అక్షరాలు కూడబలుక్కునేంత వరకే వచ్చు కాబట్టి పక్క కుర్చీలో ఆవిడ చదివి చెప్పింది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నా చేతులకి ఆకుపచ్చ గాజులున్నాయి, నుదుట బొట్టుంది. ఎప్పుడో మొగుడు పోయిన ఆడది గాజులేసుకుని ముందు వరసలో కూర్చుంటే, వెనకాల వాళ్ళకి స్టేజి మీది దీపం కంటే ఇదే ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది. చూసుకోనీ అని నిటారుగా కూర్చున్నాను.

వీర్రాజు మైకు పుచ్చుకుని కుమాసి గురించి చెప్పాడు. "అదొక కుగ్రామమండి. చుట్టూ కీకారణ్యం. పొద్దువాలితే చాలు పులుల గాండ్రింపులు. పాపం, ఆ జనానికి పిండి ఆడించుకోవడం కూడా తెలీదండి. అలాంటి చోట ఈ చేతులతో మొదటి మర బిగించానండి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను మాత్రం పులి దగ్గరే ఆగిపోయాను. ఆ దేశంలో పులి లేదు. ఆ ఖండంలోనే లేదట. నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నన్ను భయపెట్టిన జంతువు ఎలుక ఒక్కటే, అది కూడా గోదావరి జిల్లా ఎలుక కంటే గొప్పదేం కాదు. ఇక మర సంగతి. ఆ మర బిగించింది మా ఆయన. ఆయన తర్వాత తిప్పింది నేను. వీర్రాజు చేతులు దాని మీద పడబోయిన మాట నిజమే గానీ, బిగించడానికి మాత్రం కాదు.

ఇంటికొచ్చి మా చెల్లెలి మనవరాలితో అన్నాను, నేను చెబుతాను, నువ్వు రాయవే అని. ఆ పిల్ల ముందు ఫోన్లో మ్యాపు తీసి చూసింది. "ఇది కుగ్రామమేంటి అమ్మమ్మా, మన రాజమండ్రిని తీసుకెళ్ళి ఇందులో ఒక మూల పెడితే వెతుక్కోవాలి" అంది. అదే నేను చెప్పబోయేది. ఆ ఊరేంటో తెలియకపోతే నా మర కథ తెలియదు. అందుకని ముందు ఊరు చెబుతాను.

ఘనా దేశానికి కింద సముద్రం. ఆ ఒడ్డున రాజధాని అక్రా. అక్కడ బస్సెక్కి లోపలికి, ఉత్తరంగా, అడవి దారిలో పొద్దంతా పోతే ఎర్రమట్టి దిబ్బల మీద కుమాసి వస్తుంది. నేను పుట్టిన నిడదవోలులో ఎత్తయిన చోటంటే కాలవ గట్టూ రైల్వే బ్రిడ్జీనే. నేలంతా చాప పరిచినట్టుంటుంది. అలాంటిదాన్ని ఎక్కడం, దిగడం తప్ప నడవడం లేని ఊళ్ళో పడ్డాను. దిబ్బ మీద ఇళ్ళు, పల్లంలో బురద, మళ్ళీ దిబ్బ. వాన పడితే వీధులన్నీ పసుపు నీళ్ళలో సున్నం కలిపినట్టు ఎర్రగా పారతాయి. ఇళ్ళ మీద రేకులన్నీ తుప్పు పట్టి, పై నుంచి చూస్తే ఊరంతా మిరపకాయలు ఆరబోసినట్టు ఉంటుంది. ఒకప్పుడు చిత్తడి నేలగా ఉన్న పల్లాన్ని పూడ్చి అందులో సంత పెట్టారు. సంతంటే మన బుధవారం సంత అనుకోకండి. ఒక కొసన తప్పిపోయిన మనిషి ఇంకో కొసన పెళ్ళి చేసుకుని పిల్లల్ని కనొచ్చు, అంత సంత. రైలు పట్టాల మీద కూడా కూరగాయలే. దూరంగా రైలు కూత వినబడితే ఆడవాళ్ళు తట్టలు ఎత్తి పక్కకి జరుగుతారు, రైలు పోగానే మళ్ళీ అవే పట్టాల మీద అదే తట్ట. ఎవరూ అరవరు, ఎవరూ పరుగెత్తరు. రైలు కూడా ఆ సంతకి ఒక బేరగాడే.

మా అమ్మ నిడదవోలు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో కూలి. ధాన్యం నానబెట్టి, ఆవిరికి ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోసి కాళ్ళతో తిరగెయ్యడం ఆవిడ పని. నానిన ధాన్యం పులుపు వాసన మా అమ్మ చీరలోంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఆ బియ్యం మేం తినేవాళ్ళం కాదు. కాకినాడ వెళ్ళి ఓడెక్కి ఎక్కడికో పోతుందనేవారు. ఎక్కడికో అన్నది ఊరని, అక్కడ మనుషులుంటారని, వాళ్ళకి పళ్ళెం, ఆకలి ఉంటాయని మాకెవరికీ తట్టలేదు. అదే మిల్లులో మెకానిక్కు మా ఆయన. పెళ్ళయిన కొత్తలోనే మిల్లు ఓనరుగారు కుమాసిలో బియ్యం గోడౌను పెట్టి, మిషన్ల పనికి ఆయన్ని పంపించారు. ఆ వెనకాల నేను వెళ్ళాను. వెళ్ళేముందు మా వీధి వాళ్ళు నన్ను కావలించుకుని ఏడ్చారు. అక్కడ బట్టలుంటాయా అని ఒకావిడ, నిన్ను తినేస్తారేమో అని ఇంకొకావిడ. తీరా వెళ్ళి దిగాక ఆ ఊరి ఆడవాళ్ళు నన్ను చూసి, ఇంత సన్నగా ఉంది, వీళ్ళ దేశంలో తిండి లేదు కాబోలని జాలిపడి ముందు పళ్ళెం పెట్టారు. నా చీర చూసి, కుట్టించుకోవడానికి దర్జీ దొరకలేదా తల్లీ అని అడిగారు. రెండు ఊళ్ళూ ఒకదాని మీద ఒకటి జాలిపడ్డాయి, సరిపోయింది.

కొన్నాళ్ళకి గోడౌను ఉద్యోగం మానేసి మా ఆయన సొంతంగా పిండిమర పెట్టారు. సంతకి ఆనుకుని రేకుల షెడ్డు. ఆ షెడ్డూ, మేమున్న గదీ మామె అఫియావి. మామె అంటే అక్కడ అమ్మ అన్నట్టు. అఫియా అంటే శుక్రవారం పుట్టిన ఆడపిల్ల. అక్కడ మనిషి పేరు ముందు వారాన్ని బట్టి వస్తుంది. నేనేనాడు పుట్టానో నాకే తెలియదని చెబితే, మంగ అని పేరెందుకు పెట్టారని అడిగింది. మంగళవారం అయ్యుండొచ్చన్నాను. "అయితే నువ్వు అబెనావి" అని తేల్చేసి ఆ పూట నుంచి అలాగే పిలిచింది. మనిషి గాదెలా ఉండేది. ఆ సంతలో ప్రతి సరుకుకీ ఒక రాణి ఉంటుంది, టమాటాలకో రాణి, దుంపలకో రాణి. మామె అఫియా మొక్కజొన్నల రాణి. కిరీటం లేదు, మెడలో పూసలూ నడుముకి గుడ్డసంచీ ఉండేవి. తగువు వస్తే రెండు పక్షాల మాటా విని తీర్పు చెప్పేది. పోలీసుకంటే ఆవిడకే భయపడేవాళ్ళు, ఎందుకంటే పోలీసు జైల్లో పెడతాడు, ఆవిడ సంతలో చోటు తీసేస్తుంది.

ఆవిడ గది గుమ్మం పక్కన ఒక చెక్క పీట ఉండేది. మన పెళ్ళి పీటలా పల్చగా కాదు, ఒకే మొద్దుని తొలిచి, వంపు తీసి, నున్నగా చెక్కిన పీట. ఆవిడ లేచిందంటే దాన్ని గోడవైపు పక్కకి పడుకోబెట్టేసేది. మనిషి ప్రాణం కొంత పీటలో ఉంటుందట, నిలబెట్టి వదిలేస్తే దారిన పోయే దయ్యం ఏదో వచ్చి కూర్చుంటుందట. ఒకసారి తెలియక దాని మీద కూర్చోబోతే రెక్క పట్టుకుని లేవదీసి ఆ ఊరి కథంతా చెప్పింది. ఆ దేశపు రాజులకి ఒక బంగారు పీట ఉందట. ఆకాశంలోంచి దిగిందట. రాజు కూడా దాని మీద కూర్చోడట, దానికే వేరే ఆసనం వేస్తారట. ఒక పెద్ద పూజారి రెండు చోట్ల రెండు కొమ్మలు నాటితే, ఏది బతికితే అక్కడ ఊరు కట్టారు, అదే కుమాసి. ఆయనే నేలలో కత్తి దిగేసి, దీన్ని పైకి లాగిన రోజున మన జాతి ఉండదన్నాడట. ఆ కత్తి ఇప్పటికీ ఒక ఆస్పత్రి ఆవరణలో ఉంది, నేను చూశాను. తర్వాత ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఊరు తగలబెట్టారు, రాజుగారి రాతి మేడ పేల్చేశారు, ఆయన్ని ఎక్కడో సముద్రం మధ్య దీవికి పంపేశారు. అది చాలక ఒక దొర వచ్చి పెద్దలందర్నీ కూర్చోబెట్టి, ఆ బంగారు పీట తెండి, నేను కూర్చోవాలి అన్నాడట. ఎవరూ ఒక్క మాట అనలేదట. నిశ్శబ్దంగా లేచి ఇళ్ళకి వెళ్ళి తుపాకులు తుడుచుకున్నారట. మగాళ్ళు వెనకాడితే ఒక ముసలి రాణి ముందు నడిచి యుద్ధం చేసిందట. ఓడిపోయారు. పీట మాత్రం దొరకనివ్వలేదు.

నేనూ ఊరుకోలేదు. "మా గోదావరి జిల్లాల్లో ఒక దొర బొమ్మకి మేం దండలేస్తాం" అని చెప్పాను.

"ఏం తగలబెట్టాడు?" అంది మామె అఫియా.

"ఏమీ తగలబెట్టలేదు. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించాడు."

"ఊరికేనా?"

"శిస్తు తీసుకున్నారులే."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "మాకూ రైలు వేశారు, బంగారం మోసుకుపోవడానికి. మీవాడు తెలివైనవాడు అబెనా. మాకు నిప్పు పెట్టి తీసుకెళ్ళారు, మీకు నీళ్ళిచ్చి తీసుకెళ్ళారు. అందుకే దండ." నేను ఒప్పుకోలేదు. ఆ నీళ్ళు లేకపోతే మా అమ్మ తిరగేసే ధాన్యం లేదు, ఆ బియ్యం నీ పళ్ళెంలోకి లేవు అన్నాను. ఆ తగువు మా మధ్య ఏళ్ళ తరబడి నడిచింది, తీర్పు చెప్పే రాణే ఒక పక్షం కాబట్టి తేలలేదు.

తెల్లారకముందే ఆ ఊరు రోకళ్ళతో లేస్తుంది. ప్రతి పెరట్లో దుంపలు ఉడికించి దంపుతారు, ధబ్ ధబ్‌మని నేల అదురుతుంది. మా షెడ్డు ముందు తట్టలు వరస కట్టేవి. నానబెట్టి పులియబెట్టిన మొక్కజొన్న వాసన, పామాయిల్ వాసన, పొగపెట్టిన చేప వాసన, మా మర డీజిల్ వాసన. మొదటి రోజు ఆ పులుపు నా ముక్కుకి తగలగానే ఏడుపొచ్చింది. అచ్చం మా అమ్మ చీర వాసన. ఆ పిండిని ఉండలు చేసి, మొక్కజొన్న పొట్టులో చుట్టి ఉడకబెడతారు. నేను తిని, ఇది మా పొట్టిక్కల్లాంటిదే, మేం పనసాకులో ఉడకబెడతాం అన్నాను. అయితే మీరు కూడా మనుషులే అన్నట్టు చూశారు. మరలో మొక్కజొన్న తర్వాత మిరపకాయలు, ఆ తర్వాత వేరుశెనగ, ఈ వరస తప్పితే తగువే, ఎందుకంటే మిరపకాయ తర్వాత ఎవరి పిండి పడితే వాళ్ళ పిల్లలు ఆ పూట కన్నీళ్ళతో తింటారు. ఆ వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ దగ్గరే నేను ఆ భాష నేర్చుకున్నాను. ముందు తిట్లు వచ్చాయి, తర్వాత లెక్కలు, ఆఖరికి మాటలు.

ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ఓ పదిపన్నెండు ఇళ్ళు. గోడౌను మేనేజరు మూర్తిగారు సంఘానికి పెద్ద. ఆదివారం వాళ్ళింట్లో చేరి గోంగూర గురించి, భీమవరం చెరువుల్లో రొయ్యల ధర గురించి మాట్లాడుకునేవాళ్ళు. బంగారు పీట సంగతి ఎత్తితే, "పీటా? పోన్లెండి, మనకెందుకండి అవన్నీ" అనేవారు మూర్తిగారు. అన్నేళ్ళున్నా ఆయనకి ఆ భాషలో "ఎంత", "తగ్గించు" అన్న రెండే మాటలొచ్చు. నేను సంతలో ఆడవాళ్ళతో కూర్చుని తింటానని వాళ్ళావిడ నా చేతి కాఫీ తాగేది కాదు. ఆ సమయంలోనే మా ఆయన అక్కగారు బతిమాలితే వీర్రాజుని పిలిపించుకున్నాం. వచ్చిన కొత్తలో ఒకసారి బెల్టు తగిలి చొక్కా చినిగితే, ఇది రాక్షసి మర అని మళ్ళీ షెడ్డులోకి రాలేదు. మూర్తిగారి గోడౌనులో బస్తాల లెక్క చూసేవాడు.

మా ఆయన పోయారు. మలేరియా తలకెక్కింది. ఆయన ఆఖరి మాట కూడా మర గురించే, బేరింగు మార్చాలే అని. పిల్లల్లేరు. రాజధానిలో హిందువులకి చోటుంటే అక్కడికి తీసుకెళ్ళి దహనం చేశారు, తలకొరివి వీర్రాజు పెట్టాడు. అంతవరకు ఆ కుర్రాడి రుణం నేను కాదనను.

తిరిగొచ్చేసరికి సంతవాళ్ళు షామియానా వేసి ఉన్నారు. శవం లేకపోతే ఏం, మనిషి పోయాడు కదా అన్నారు. ఎరుపు, నలుపు బట్టలు కట్టుకుని వందల మంది, డప్పులు, మైకు. మన పెళ్ళిళ్ళలో చదివింపులు చదివినట్టు అక్కడ చావుకి చదువుతారు. మొక్కజొన్నల తరఫున ఇంత, దుంపల తరఫున ఇంత అని మైకులో వినబడుతుంటే మూర్తిగారి భార్య చెవులు మూసుకుంది. "ఇది చావా, జాతరా? మన పరువేంగాను మంగా!" అంది. వాళ్ళు మాత్రం మన తీరు చూసి నోళ్ళు నొక్కుకున్నారు, గుట్టుగా తీసుకెళ్ళి కాల్చేసి వచ్చారు, ఆయన ఏం నేరం చేశాడని.

అప్పట్నుంచి నేను రెండు ఆచారాల మధ్య పడ్డాను. మూర్తిగారి భార్య వచ్చి, "ఆదివారం తర్వాత మంచి రోజు చూసి గాజులు తీసేద్దామమ్మా. బొట్టూ గిట్టూ ఇంక మనకి లేదనుకో. తర్వాత మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయి ఓ మూల కూర్చుందువుగాని" అంది. ఆవిడ అటు వెళ్ళగానే మామె అఫియా నల్లబట్ట తాను పట్టుకొచ్చింది. "ఏడాది ఇదే కట్టాలి అబెనా. ఎవరితోనూ చెయ్యి కలపకూడదు, మర ముట్టుకోకూడదు, లేకపోతే నీ మొగుడి దయ్యం నిన్ను వదలదు" అంది. ఆవిడని దేవతని చేసి చెబుదామంటే ఇక్కడ కుదరదు. నా చేతులు ఖాళీ చెయ్యడానికి ఒక దేశం, నా చేతులు కట్టెయ్యడానికి ఒక దేశం, రెండూ ప్రేమగానే వచ్చాయి. నాకు కావలసింది ఒక్కటే, ఆ మర. అది నా చేతిలో ఉంటే నేను ఎవరింట్లో మూలా కూర్చోనక్కర్లేదు. అది పోతే ఏ బట్ట కట్టుకున్నా ఒకటే.

అప్పుడు వీర్రాజు దిగాడు. వెనకాల మూర్తిగారు. ఆ దేశంలో ఆస్తి కొడుకుకి పోదు, మేనల్లుడికి పోతుంది. ఈ సంగతి మూర్తిగారికి ఎక్కడో తెలిసింది. ఆ ఊరి చరిత్రలో ఆయన నేర్చుకున్నది ఇది ఒక్కటే. భార్యకీ వాటా ఇచ్చే చట్టం వేరే ఉందని నాకు చాలా కాలానికి తెలిసింది, అప్పట్లో మాకు సంత చెప్పిందే చట్టం. షెడ్డు మామె అఫియాది కాబట్టి ఆవిడ ఒప్పుకుంటేనే మర చేతులు మారుతుంది. ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ పెరట్లో కూర్చున్నాం. ఆవిడ పక్షాన ఇద్దరు ముసలివాళ్ళు, ఇటు మూర్తిగారు, వీర్రాజు. కుర్చీలు చాలలేదు. వీర్రాజు అటూ ఇటూ చూసి, గోడకి పడుకోబెట్టి ఉన్న పీటని నిలబెట్టి, దుమ్ము దులిపి, దాని మీద కూర్చున్నాడు.

మామె అఫియా ఏమీ అనలేదు. లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. ఆవిడ అరిచి ఉంటే నాకు భయం వేసేది కాదు. ఆ దొర పీట అడిగినప్పుడు కూడా వాళ్ళు ఏమీ అనలేదన్న మాట గుర్తొచ్చింది.

ఇక రెండు వైపులా భాష వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నన్నేం చెయ్యాలో వాళ్ళ మాట వీళ్ళకీ, వీళ్ళ మాట వాళ్ళకీ నేనే చెప్పాలి.

"మేనమామ ఆస్తి మేనల్లుడిదేనా అని అడుగమ్మా మంగా" అన్నారు మూర్తిగారు.

అడిగాను. "అవును, మేనల్లుడిదే. బిడ్డ ఏ తల్లి కడుపున పుట్టిందో ఊరందరికీ తెలుస్తుంది. తండ్రి సంగతి తల్లి చెప్పాలి. అందుకే మాకు తల్లి వైపే రక్తం" అందావిడ. అదే తెలుగులో చెప్పాను.

వీర్రాజు చంకలు గుద్దుకున్నాడు. "చూశావా అత్తా! నేననేది కాదు, ఆచారం. ఏ దేశంలో ఉంటే ఆ దేశం పద్ధతి పాటించాలి కదా."

"మరి నా గాజులో?"

"అది మన పద్ధతి అత్తా. ఎక్కడున్నా మన సంప్రదాయం వదులుకోకూడదు."

ఈ రెండు మాటలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. మామె అఫియా ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. ముసలివాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ సీసా తెప్పించింది. అక్కడ మాట ఖాయం చెయ్యాలంటే ముందు పెద్దల పేరున నేల మీద కొంచెం సారా పోసి, తర్వాత ఒప్పుకున్నవాడు తాగాలి. తాగితే ఇంక వెనక్కి లేదు. "మా ఆచారం మొత్తం ఒప్పుకుంటున్నాడా, అడుగు" అంది. అడిగాను. "మొత్తం, మొత్తం" అని వీర్రాజు గ్లాసు లాక్కుని ఎత్తేశాడు. ఏటా అయ్యప్ప మాల వేసుకునే మనిషి అంత ఆత్రంగా తాగడం నేనెప్పుడూ చూడలేదు.

"మంచిది" అంది మామె అఫియా. "మామయ్య మర నీది. మామయ్య చావుకి మేం పెట్టిన ఖర్చు నీది. మామయ్య పెళ్ళాం నీది."

నేను ఆగిపోయాను. "చెప్పు అబెనా, ఆపకు" అంది. చెప్పాను.

"ఏంటీ?" అన్నాడు వీర్రాజు.

"వారసుడు పోయిన మనిషి పీట మీద కూర్చుంటే సగం పీట మీద కూర్చోడు. ఆయన వదిలిన ఆడదాన్ని పోషించాలి, ఆమెకిష్టమైతే పెళ్ళాడాలి. అబెనా, నీకిష్టమేనా?"

ఇది కూడా నేనే తెలుగులోకి చెప్పాలి. మూర్తిగారి మొహం చూసి మరీ చెప్పాను. "నాకు ఇష్టమేనండి" అని నా తరఫున కూడా చెప్పాను.

"ఛీ ఛీ! అత్తా, ఏంటా మాటలు! అత్తంటే తల్లి లాంటిది! నాకు భీమవరంలో సంబంధం కుదిరింది!"

"కుదరనీ" అంది మామె అఫియా. "ఆ పిల్ల చిన్న భార్య. అబెనా పెద్ద భార్య. మర తిప్పడానికి ఇద్దరుంటే మంచిదే."

వీర్రాజు పీట మీంచి లేచి గోడకి ఆనుకున్నాడు. "మాకు అలాంటి ఆచారం లేదని చెప్పండి మూర్తిగారూ!" అన్నాడు. మూర్తిగారు నీళ్ళు నమిలి, లేదని తల ఊపారు.

"ఇందాక ఏ దేశంలో ఉంటే ఆ దేశం అన్నారు. సరే, మీ దేశం ఆచారమే కానీ. దాని ప్రకారం పిల్లల్లేని మనిషి మర ఎవరికి పోతుంది?" అంది మామె అఫియా.

మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "భార్యకండి" అన్నారు. భాష రాకపోయినా మామె అఫియాకి అండి కూడా పెట్టి చెప్పారు. దానికి నేను తర్జుమా చెప్పక్కర్లేకపోయింది, మొహం చూసి ఆవిడే అర్థం చేసుకుంది. వీర్రాజు ఆ వారంలోనే టిక్కెట్టు కొనుక్కుని దేశం వెళ్ళిపోయాడు. పెళ్ళికి తొందరగా ఉందన్నాడు.

నల్లబట్ట సంగతి మిగిలింది. ఆదివారం గడిచి సోమవారం పెద్ద సంత. ఆడవాళ్ళ తట్టల్లో నానిన మొక్కజొన్న పొంగుతోంది, ఊళ్ళో మిగతా మరలన్నీ దూరం. మామె అఫియా షెడ్డు ముందు నిలబడి వరస చూసింది, నన్ను చూసింది, చేతిలో నల్లబట్ట తానుని చూసింది. ఏడాది అన్న మనిషి, ఆ తానులోంచి వేలెడు పీలిక చించి నా చేతికి గాజుల పక్కన ముడేసింది. "ఇదుగో, నల్లబట్ట కట్టావు. పెద్దలకి తెలుసులే. బెల్టు ఎక్కించు" అంది. ఆచారం ఎంత గట్టిదైనా పొంగే పిండి ముందు కొంచెం జరుగుతుందని ఆ రోజు తెలిసింది. మూర్తిగారి భార్య గాజుల మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే ఈసారి ఏ ఆచారం వచ్చి ఎవరి మెడకి చుట్టుకుంటుందోనని భయం.

ఆ మర మీద పదేళ్ళ పైన బతికాను. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్నాక అమ్మేసి వచ్చి నిడదవోలులో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. మామె అఫియా మనవరాలు అప్పుడప్పుడు ఫోన్లో బొమ్మలు పంపిస్తుంది. ఆ పాత సంత కూల్చేసి కాంక్రీటు మేడలు కట్టారు, పట్టాల మీద తట్టలు లేవు, షాపులకి నంబర్లేశారు. మా షెడ్డున్న చోటు ఏదో పోల్చుకోలేకపోయాను. ఇక్కడ కూడా మిల్లుల్లో ధాన్యం కాళ్ళతో తిరగేసేవాళ్ళు లేరు, మిషనే నానబెట్టి మిషనే ఆరబెడుతుంది. కాకినాడ నుంచి ఓడలు మాత్రం ఇంకా అటే పోతున్నాయట. ఆ బియ్యం ఎవరి పళ్ళెంలోకి పోతుందో తెలిసినదాన్ని మా వీధిలో నేనొక్కదాన్నే. అయినా మా వీధిలో పేరంటానికి నన్ను పిలవరు. గాజులున్నాయి కదా పిలుద్దామంటే మొగుడు లేడు, మొగుడు లేడు కదా వదిలేద్దామంటే గాజులున్నాయి. పాపం, వాళ్ళకీ ఎటూ తోచదు. ఆ ఊరికి నేను ఎవరినో ఒక మంగళవారం చెప్పేసింది, ఈ ఊరు ఇంకా ఆలోచిస్తోంది.

సరే, ఆ సన్మానం. ఆఖర్న వీర్రాజు గొంతు బరువు చేసుకుని, "నాకు కన్నతల్లి తర్వాత తల్లి, మా అత్తయ్య" అని నన్ను పైకి పిలిచాడు. ఫోటోగ్రాఫరు వచ్చాడు. వీర్రాజు మైకు చేత్తో పట్టుకునే వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు. నేను గాజుల చెయ్యి అతని నెత్తి మీద పెట్టి, చెవి దగ్గరకి వంగి మెల్లిగానే అన్నాను.

"మామె అఫియా పోయిందిరా వీర్రాజూ. పోయేముందు కూడా నన్ను అడిగింది, నీ మొగుడు పెళ్ళికి టిక్కెట్టు కొనుక్కుని పోయాడుగా, ఎప్పుడొస్తాడే అని."

మైకు కట్టెయ్యలేదు. హాల్లో ఆఖరి కుర్చీ దాకా వినబడింది. ముందు వరసలో అతని భార్య లేచి నిలబడింది. జనం గుసగుసలు పోయారు, ఎవరో పెద్దగా "ఏంటండి అది?" అన్నారు. వీర్రాజుకి ఇంక చెప్పక తప్పలేదు. చెమటలు కక్కుతూ ఆ దేశంలో మేనల్లుడికి ఏం వస్తుందో, దాంతోపాటు ఏమేం వస్తాయో, మర తన మావయ్యదనీ, తర్వాత అత్తయ్యదనీ, తను ఎందుకు వచ్చేశాడో, వరసగా ఒక్కటి కూడా వదలకుండా చెప్పాడు. కుమాసి గురించి అతను నిజం చెప్పడం అదే మొదటిసారి.

పులిని మాత్రం వెనక్కి తీసుకోలేదు.